డెస్క్‌టాప్ క్యాబినెట్‌లో ఏ ఫ్యాన్ ఎటు ఊదాలి?

డెస్క్‌టాప్ క్యాబినెట్‌కు ఫ్యాన్లు బిగించేవారికి ఒక సూత్రం కంఠతా వచ్చు: ముందు నుంచి, కింద నుంచి గాలి లోపలికి, వెనక నుంచి, పై నుంచి బయటికి. ఈ సూత్రం చాలావరకు పనిచేస్తుంది. దానికి చెప్పే కారణంలోనే పొరపాటు ఉంది. వేడి గాలి తేలికై పైకి పోతుంది కాబట్టి పైభాగంలో ఎగ్జాస్ట్ (గాలిని బయటికి పంపే ఫ్యాన్) ఉండాలంటారు. ఒక ఇన్‌టేక్ (గాలిని లోపలికి తెచ్చే ఫ్యాన్), ఒక ఎగ్జాస్ట్ మాత్రమే ఉన్న చిన్న క్యాబినెట్‌లో ఈ పొరపాటు వల్ల వచ్చే నష్టం లేదు. పైన మూడు ఫ్యాన్లకు చోటు, ముందు గాజు పలక, లోపల మూడు వందల వాట్ల గ్రాఫిక్స్ కార్డు ఉన్నచోట అదే కారణాన్ని నమ్మి పైనంతా ఎగ్జాస్టులు నింపితే, ప్రాసెసర్‌కు అందాల్సిన చల్లగాలి దాన్ని చేరకముందే బయటికి పోతుంది.

లెక్క వేసి చూస్తే విషయం తేలిపోతుంది. క్యాబినెట్ ఎత్తు 45 సెంటీమీటర్లు, లోపలి గాలి గది గాలికన్నా 10 డిగ్రీలు వేడి అనుకుందాం. ఆ వేడి వల్ల గాలిని పైకి నెట్టే ఒత్తిడి 0.2 పాస్కల్‌కు మించదు. 120 మిల్లీమీటర్ల మామూలు ఫ్యాన్ 1,200 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర 10 నుంచి 15 పాస్కల్ వరకు గరిష్ఠ ఒత్తిడి పుట్టించగలదు. అంటే యాభై రెట్లకు పైమాటే. ఫ్యాన్లు తిరుగుతున్నంతసేపూ వేడి గాలి సహజ స్వభావానికి క్యాబినెట్‌లో పెద్దగా పాత్ర లేదు. ఫ్యాన్ ఒక్కటీ లేకుండా పనిచేసే నిశ్శబ్ద కంప్యూటర్ల డిజైన్‌లో మాత్రం అదే కీలకం, కాబట్టి అక్కడి సూత్రాలను ఇక్కడికి తేకూడదు.

మరి దిశను నిర్ణయించేది ఏది? క్యాబినెట్ లోపల దిశ ముందే ఖరారైపోయిన ఫ్యాన్లు. ప్రాసెసర్‌ను చల్లబరిచే టవర్ కూలర్ దాని మీద నిలబడి ముందు వైపు నుంచి వెనక వైపుకు ఊదుతుంది. గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లు కింది గాలిని పీల్చి, వేడిని పక్కలకూ పైకీ వదులుతాయి. ఈ రెండింటికీ చల్లగాలి ఎక్కడ కావాలో అక్కడికి అందించడం, అవి వదిలిన వేడి తిరిగి వాటి దగ్గరికే రాకుండా బయటికి లాగేయడం, క్యాబినెట్ ఫ్యాన్ల పని ఇంతే. ముందు ఇన్‌టేక్, వెనక ఎగ్జాస్ట్ అనే సూత్రం సరిగ్గా పనిచేయడానికి కారణం టవర్ కూలర్ కూడా అదే గీత మీద ఊదడం.

ఈ ఏర్పాటు మొదటినుంచీ ఇలాగే లేదు. 1995లో ఇంటెల్ విడుదల చేసిన తొలి ఏటీఎక్స్ ప్రమాణంలో (మదర్‌బోర్డు, క్యాబినెట్ అమరికల నిబంధనల్లో) పవర్ సప్లై ఫ్యాన్ బయటి గాలిని లోపలికి, నేరుగా ప్రాసెసర్ మీదికి ఊదేలా ఊహించారు. పవర్ సప్లై తన వేడిని కూడా కలిపి ప్రాసెసర్‌కు అందించడమే దాని లోపం. తర్వాతి కాలంలో పవర్ సప్లై ఫ్యాన్ బయటికి ఊదడమే స్థిరపడింది. 2004 ప్రాంతంలో అదే సంస్థ తెచ్చిన బీటీఎక్స్ ప్రమాణం ముందు నుంచి వెనకకు ఒకే సరళరేఖలో గాలి పారేలా మదర్‌బోర్డు అమరికనే మార్చింది. అది మార్కెట్లో నిలవలేదు గానీ, తిన్నని దారి అనే ఆలోచన నేటి క్యాబినెట్లలో మిగిలింది.

ముందుగా, చేతిలో ఉన్న ఫ్యాన్ ఎటు ఊదుతుందో తెలియాలి. ఫ్యాన్‌కు ఒక వైపు రెక్కలు పూర్తిగా తెరిచి కనిపిస్తాయి. రెండో వైపు మోటారును పట్టి ఉంచే మూడు నాలుగు ప్లాస్టిక్ కడ్డీలు అడ్డంగా ఉంటాయి. గాలి తెరిచిన వైపు నుంచి లోపలికి వెళ్లి, కడ్డీల వైపు నుంచి బయటికి వస్తుంది. వోల్టేజీ, ఆంపియర్ల వివరాలు రాసిన స్టిక్కర్ సాధారణంగా కడ్డీల వైపే ఉంటుంది, వైరు కూడా ఆ వైపు నుంచే వస్తుంది. కొన్ని ఫ్యాన్ల చట్రం అంచున రెండు బాణాలు చెక్కి ఉంటాయి. ఒకటి రెక్కలు తిరిగే దిశకు, రెండోది గాలి పోయే దిశకు గుర్తు. రెండూ చూసి గందరగోళపడి, తిరిగే దిశనే గాలి దిశ అనుకోవడం తరచూ జరుగుతుంది. గాజు పలకల క్యాబినెట్ల కోసం ఇప్పుడు రివర్స్ రెక్కల ఫ్యాన్లు కూడా వస్తున్నాయి. ఇన్‌టేక్‌గా బిగించినా కడ్డీలు లోపలికి కనిపించకుండా వీటి రెక్కల వంపును తిరగేస్తారు, కాబట్టి వీటిలో గాలి కడ్డీల వైపు నుంచే లోపలికి వెళ్తుంది. ఒకే సెట్టులో రెండు రకాలూ కలిసి వస్తే ఆకారం చూసి నమ్మకుండా, ఫ్యాన్‌కు కరెంటు ఇచ్చి పలచని టిష్యూ కాగితం ముక్కను దగ్గర పెట్టి చూసుకోవాలి. కాగితం అతుక్కున్న వైపు గాలి పీల్చే వైపు.

ఎంత గాలి కావాలి?

ఫ్యాన్ల సంఖ్య దగ్గర మొదలుపెట్టే కన్నా వేడి దగ్గర మొదలుపెట్టడం మేలు. క్యాబినెట్‌లో పుట్టే వాట్లను 3తో గుణించి, గంటకు బయటికి పోయే గాలి ఘన మీటర్లతో భాగిస్తే, బయటికి వచ్చే గాలి గది గాలికన్నా సగటున ఎన్ని డిగ్రీలు వేడిగా ఉంటుందో వస్తుంది. గాలి సాంద్రత, దాని ఉష్ణ సామర్థ్యం నుంచి వచ్చే లెక్క ఇది. గ్రాఫిక్స్ కార్డు 250, ప్రాసెసర్ 100, మిగతావి 50 కలిపి 400 వాట్లు అనుకుంటే, గంటకు 50 ఘన మీటర్ల గాలి పారితే తేడా 24 డిగ్రీలు. 100 పారితే 12. 200 పారితే 6. 300 పారితే 4. మొదటి ఫ్యాన్లు తెచ్చే లాభం, చివరి ఫ్యాన్లు తెచ్చే లాభం ఒకటి కాదని ఈ అంకెలే చెబుతున్నాయి. ఆరు ఫ్యాన్లున్న క్యాబినెట్‌కు ఏడోది చేర్చి ఫలితం కనిపించలేదని బాధపడేవారికి జవాబు ఇక్కడే ఉంది.

ఫ్యాన్ పెట్టె మీద సీఎఫ్ఎంలో (నిమిషానికి ఘనపుటడుగుల్లో) రాసే అంకె అడ్డంకేమీ లేనప్పటిది. ఒక సీఎఫ్ఎం అంటే గంటకు దాదాపు 1.7 ఘన మీటర్లు, కాబట్టి 60 సీఎఫ్ఎం అని రాసిన ఫ్యాన్ ఖాళీ గాలిలో గంటకు సుమారు 100 ఘన మీటర్లు నెడుతుంది. దాని ముందు సన్నని ఫిల్టరు, దాని ముందు చిల్లుల రేకు, దాని ముందు మూసిన గాజు పలక ఉంటే అందులో సగమే లోపలికి చేరినా ఆశ్చర్యం లేదు. అలాంటి చోట చూడాల్సింది మిల్లీమీటర్ల నీటి మట్టంలో రాసే స్థిర ఒత్తిడి అంకె. ఫిల్టరు వెనక, లిక్విడ్ కూలర్‌లో ద్రవాన్ని చల్లబరిచే రేడియేటర్ మీద ఒత్తిడి ఎక్కువగల ఫ్యాన్. అడ్డంకి తక్కువుండే వెనక ఎగ్జాస్ట్ దగ్గర గాలి ఎక్కువ నెట్టే ఫ్యాన్. రెండో చోట ఖరీదైన ఫ్యాన్ పెట్టి మొదటి చోట చౌకది పెట్టడం తలకిందుల లెక్క.

వేగం మార్చినప్పుడు ఏం జరుగుతుందో కూడా తెలిసి ఉండాలి. గాలి పరిమాణం వేగంతో నేరుగా మారుతుంది, ఒత్తిడి వేగపు వర్గంతో, ఫ్యాన్ వాడే విద్యుత్తు ఘనంతో మారతాయి. శబ్దం మరీ వేగంగా పడిపోతుంది: వేగాన్ని సగం చేస్తే సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. ఒకే రకం ఫ్యాన్లు రెండు పెట్టడం వల్ల పెరిగేది 3 డెసిబెల్సే. ఒక ఫ్యాన్‌ను పరుగులు పెట్టించేకన్నా రెండింటిని నెమ్మదిగా తిప్పడం ఎందుకు మంచిదో దీన్నిబట్టి అర్థమవుతుంది. అయితే సగం వేగంలో ఒత్తిడి నాలుగో వంతుకు పడిపోతుంది. దట్టమైన ఫిల్టరు వెనక ఉన్న ఫ్యాన్‌ను 500 ఆర్‌పీఎంకు దించితే రెక్కలు తిరుగుతుంటాయి, గాలి మాత్రం దాదాపు కదలదు.

దుమ్ము, ఒత్తిడి

లోపలికి వచ్చే గాలి ఎక్కువై బయటికి లాగేది తక్కువైతే మిగతా గాలి సందుల గుండా బయటికి పోతుంది. దీన్ని పాజిటివ్ ప్రెషర్ అంటారు. లాగేది ఎక్కువైతే (ఇది నెగెటివ్ ప్రెషర్) ఆ లోటు తీర్చడానికి వెనక కార్డు స్లాట్లను మూసే రేకుల చిల్లులు, పలకల అంచులు, యూఎస్‌బీ పోర్టుల పక్క సందులన్నింటి నుంచీ గాలి లోపలికి చొరబడుతుంది. దానితోపాటు ఏ ఫిల్టరూ ఆపని దుమ్ము వస్తుంది. చల్లదనం విషయంలో ఈ రెండింటికీ తేడా స్వల్పం. శుభ్రత విషయంలో తేడా నెలలు గడిచేకొద్దీ కంటికి కనిపిస్తుంది. ఇన్‌టేక్‌లకు ఫిల్టర్లు ఉన్న క్యాబినెట్‌లో కొద్దిగా పాజిటివ్ వైపు మొగ్గడమే సరైన ఎంపిక. ఇన్‌టేక్‌లకు ఫిల్టర్లు లేకపోతే ఈ చర్చకు అర్థం లేదు, దుమ్ము ఎలాగూ వస్తుంది.

ఫ్యాన్లు లెక్కపెట్టి ప్రెషర్ తేల్చడం కుదరదు. ముందు రెండు, వెనక రెండు ఉంటే సమానమని అనిపిస్తుంది, కానీ ముందువాటికి ఫిల్టరు అడ్డు, వెనకవాటికి లేదు, ఫలితం నెగెటివ్. నమ్మకమైన పరీక్ష ఒకటుంది. పలకలన్నీ మూసి, కంప్యూటర్‌ను మామూలు పనిలో ఉంచి, ఖాళీ స్లాట్ రేకు చిల్లుల దగ్గర టిష్యూ ముక్క పట్టుకోవాలి. కాగితం లోపలికి అతుక్కుంటే ఎగ్జాస్ట్ వేగం కొంత తగ్గించాలి, లేదా ఫిల్టరు కడగాలి. కొన్ని వారాల కిందట బయటికి ఎగిరిన కాగితం ఇప్పుడు లోపలికి అతుక్కుంటోందంటే ఫిల్టరు మూసుకుపోయిందన్నమాట.

పైభాగం దగ్గర జరిగే పొరపాట్లు

టవర్ కూలర్ వాడేవారు పైభాగంలో ముందువైపు చోటును ఎగ్జాస్ట్‌కు వాడకూడదు. ముందు ఫ్యాన్ల నుంచి వచ్చిన చల్లగాలి కూలర్‌ను చేరేలోపే ఈ ఫ్యాన్ దాన్ని పైకి లాగేస్తుంది. పైన మూడు చోట్లుంటే వెనక మూలలో ఒక్కటి చాలు, అది కూలర్ దాటిన వేడినే లాగుతుంది. మిగతా రెండు చోట్లను ఖాళీగా వదలడం సరిపోతుంది. దుమ్మును ఆపే ఫిల్టరు ఉంటే ముందు చోటులో ఇన్‌టేక్ పెట్టి కూలర్‌కు నేరుగా చల్లగాలి అందించే ప్రయత్నమూ చేయవచ్చు, కొన్ని క్యాబినెట్లలో ప్రాసెసర్ ఉష్ణోగ్రత దీనితో తగ్గుతుంది. పైనుంచి మదర్‌బోర్డు మీదికి ఊదే చిన్న కూలరైతే ఈ నియమం వర్తించదు. దానికి పక్క పలక ఇన్‌టేక్ ఉపయోగపడుతుంది.

వెనక ఫ్యాన్‌ను ఇన్‌టేక్‌గా తిప్పడం మరో తప్పు. అది టవర్ కూలర్‌కు ఎదురుగా ఊదుతుంది, రెండూ ఒకదానినొకటి అడ్డుకుంటాయి. పైగా వెనక వైపున పవర్ సప్లై వదిలిన వేడి గోడకు తగిలి అక్కడే తిరుగుతుంటుంది, అదే మళ్లీ లోపలికి వస్తుంది. గోడకూ క్యాబినెట్ వెనక భాగానికీ మధ్య కనీసం ఒక జానెడు ఖాళీ ఉండాలి.

అంతగా గుర్తించని తప్పు ఇంకొకటి: ఫ్యాన్ పక్కన ఖాళీగా వదిలిన ఫ్యాన్ చోటు. ముందు భాగంలో మూడు చోట్లుండి ఒక్కదాంట్లోనే ఫ్యాన్ ఉంటే, ఫ్యాన్ లోపలికి ఊదిన గాలిలో కొంత పక్క ఖాళీ నుంచి ముందు పలక వెనక్కి జారి, అక్కడినుంచి మళ్లీ అదే ఫ్యాన్‌లోకి వస్తుంది. ముందు పలక ఎంత మూసి ఉంటే ఈ సుడి అంత ఎక్కువ. ఖాళీ చోటును ప్లాస్టిక్ రేకుతోగాని అట్టతోగాని మూస్తే అదే ఫ్యాన్ బయటి గాలిని పీల్చడం మొదలుపెడుతుంది. రేడియేటర్ మీద మూడు ఫ్యాన్లలో ఒకటి తిరగబడి బిగిస్తే జరిగేదీ ఇదే: రెండు నెడుతుంటే మూడోది వెనక్కి లాగుతుంది.

గ్రాఫిక్స్ కార్డు

గేములాడే కంప్యూటర్‌లో పెద్ద వేడి ఇక్కడే పుడుతుంది, అయినా ఎక్కువ శ్రద్ధ ప్రాసెసర్ మీదికే పోతుంది. కార్డు ఫ్యాన్లకూ కింద పవర్ సప్లైను కప్పే రేకుకూ మధ్య రెండు మూడు సెంటీమీటర్లే మిగిలితే కార్డు తాను వదిలిన వేడినే మళ్లీ పీలుస్తుంది. దీనికి మందు పైన ఎగ్జాస్ట్ పెంచడం కాదు. ముందు భాగంలో అన్నింటికన్నా కింద ఉన్న ఇన్‌టేక్ కార్డు మట్టానికి లేదా దానికి కాస్త దిగువకు ఉండేలా చూడటం, క్యాబినెట్ అడుగున చోటుంటే రెండు ఇన్‌టేక్‌లు పెట్టి నేరుగా కార్డు ఫ్యాన్లకు గాలి అందించడం. అడుగు ఇన్‌టేక్ పనిచేయాలంటే క్యాబినెట్ కాళ్లు నేల నుంచి కనీసం రెండు సెంటీమీటర్లు ఎత్తుండాలి, మెత్తని తివాచీ మీద పెట్టకూడదు.

కొన్ని కార్డుల్లో ఒక చివర ఫ్యాన్ గాలి కార్డును చీల్చుకుని పైకి వెళ్తుంది. 2020లో వచ్చిన ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 3080 ఫౌండర్స్ ఎడిషన్ ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది. ఇలాంటి కార్డు వేడి నేరుగా టవర్ కూలర్ ముందుకు చేరుతుంది, కాబట్టి వెనక ఎగ్జాస్ట్‌తో పాటు పైన వెనక మూల ఎగ్జాస్ట్ కూడా ఉండటం మంచిది. బ్లోయర్ రకం కార్డులు వేడిని వెనక రేకు గుండా బయటికే పంపుతాయి. వాటికి కావాల్సింది ఇన్‌టేక్ మాత్రమే, కాబట్టి క్యాబినెట్‌లో పాజిటివ్ ప్రెషర్ వాటికి కలిసివస్తుంది. కార్డును నిలువుగా గాజు పలక వైపు తిప్పి బిగిస్తే అందం పెరుగుతుంది, గాజుకూ ఫ్యాన్లకూ మధ్య ఖాళీ చాలకపోతే ఉష్ణోగ్రత కూడా పెరుగుతుంది.

లిక్విడ్ కూలర్ రేడియేటర్

రేడియేటర్‌ను ముందు ఇన్‌టేక్‌గా పెడితే ప్రాసెసర్‌కు గది గాలి దక్కుతుంది, గ్రాఫిక్స్ కార్డుకు రేడియేటర్ దాటిన వెచ్చని గాలి మిగులుతుంది. పైన ఎగ్జాస్ట్‌గా పెడితే కార్డుకు చల్లగాలి, ప్రాసెసర్‌కు కార్డు వేడి కలిసిన గాలి. గేముల్లో కార్డు 300 వాట్లు, ప్రాసెసర్ 80, 100 వాట్లు వాడే చోట పైన ఎగ్జాస్టే తగినది, ఎందుకంటే ప్రాసెసర్ నాలుగైదు డిగ్రీలు పెరిగినా తట్టుకునే వెసులుబాటు సాధారణంగా ఉంటుంది. వీడియో ఎన్‌కోడింగ్, కోడ్ కంపైలేషన్ వంటి ప్రాసెసర్ పనులు గంటల తరబడి నడిచే యంత్రంలో ముందు ఇన్‌టేక్ సరైనది.

ఒక నియమం మాత్రం రెండింటికీ తప్పదు. రేడియేటర్ పై అంచు, ద్రవాన్ని తిప్పే పంపు కన్నా ఎత్తులో ఉండాలి. ఏళ్లు గడిచేకొద్దీ గొట్టాల గోడల గుండా ద్రవం కొద్దికొద్దిగా తగ్గి ఆ స్థానంలో గాలి చేరుతుంది. గాలి ఎప్పుడూ వలయంలో అతి ఎత్తైన చోటికి పోతుంది. ఆ చోటు పంపే అయితే గరగర శబ్దం మొదలై పంపు త్వరగా అరుగుతుంది. క్యాబినెట్ అడుగున రేడియేటర్ బిగించడం ఇందుకే పనికిరాదు.

పవర్ సప్లై గురించి చెప్పాల్సింది తక్కువ. అడుగున ఫిల్టరున్న చిల్లులు ఉంటే ఫ్యాన్ కిందికి చూడాలి. చిల్లులు లేకపోతేనో, నేల గాలి అడ్డుకునేలా ఉంటేనో పైకి.

వైర్లు, వేగం

దిశ కుదిరాక ఫ్యాన్ వేగం తప్పితే ఫలితం చెడుతుంది. నాలుగు పిన్నుల ఫ్యాన్లకు 12 వోల్టులు ఎప్పుడూ అందుతుంటాయి, వేగాన్ని పీడబ్ల్యూఎం అనే విద్యుత్ సంకేతం చెబుతుంది. మూడు పిన్నుల ఫ్యాన్ వేగం వోల్టేజీతో మారుతుంది. మూడు పిన్నుల ఫ్యాన్‌ను పీడబ్ల్యూఎం మోడ్‌లో ఉన్న హెడర్‌కు (మదర్‌బోర్డు మీద ఫ్యాన్ తగిలించే పిన్నులకు) తగిలిస్తే అది పూర్తి వేగంతోనే తిరుగుతుంది. బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) ఆ హెడర్‌ను వోల్టేజీతో వేగం మార్చే డీసీ మోడ్‌కు మార్చాలి. మదర్‌బోర్డు హెడర్ సాధారణంగా 1 ఆంపియర్ వరకే ఇవ్వగలదు. 0.2 ఆంపియర్ల ఫ్యాన్లు మూడింటిని స్ప్లిటర్‌తో (ఒక తీగను పలు తీగలుగా చీల్చేదానితో) ఒకే హెడర్‌కు కలపవచ్చు, లైట్లున్న ఫ్యాన్లయితే ముందు స్టిక్కర్ మీద ఆంపియర్లు కూడుకోవాలి. స్ప్లిటర్‌లో వేగం తెలిపే తీగ ఒక్క ఫ్యాన్‌కే ఉంటుంది, ఆగిపోయిన మిగతా ఫ్యాన్ సంగతి మదర్‌బోర్డుకు తెలియదు.

క్యాబినెట్ ఫ్యాన్లన్నిటినీ ప్రాసెసర్ ఉష్ణోగ్రతకు కట్టేయడం చాలా బోర్డుల్లో ముందే ఉన్న సెట్టింగు. ప్రాసెసర్ ఉష్ణోగ్రత క్షణాల్లో ఎగిరి దిగుతుంది కాబట్టి ఫ్యాన్లు ఊరికే ఊళపెట్టి తగ్గుతుంటాయి. ఇంకోవైపు గేములో ప్రాసెసర్ 60 డిగ్రీల దగ్గర ఉంటే, 80 దాటిన గ్రాఫిక్స్ కార్డు ఉన్నా ఫ్యాన్లకు పట్టదు. కార్డు ఉష్ణోగ్రతను ఆధారంగా తీసుకునే వీలు బోర్డులో లేదా సాఫ్ట్‌వేర్‌లో ఉంటే ముందు, అడుగు ఇన్‌టేక్‌లను దానికి కట్టాలి. లేకపోతే మదర్‌బోర్డు సెన్సార్‌ను ఎంచుకుని, వేగం మారే సమయాన్ని కొన్ని సెకన్లు ఆలస్యం చేయాలి.

మార్పు పనిచేసిందా అని తేల్చేటప్పుడు గది ఉష్ణోగ్రతను కూడా రాసుకోవాలి. రాత్రి చేసిన పరీక్షను మధ్యాహ్నం చేసినదానితో పోల్చితే తేడా ఫ్యాన్‌ది కాకపోవచ్చు. చూడాల్సింది భాగానికీ గదికీ మధ్య తేడా. ఒకసారికి ఒక్క మార్పే చేసి, కార్డునూ ప్రాసెసర్‌నూ కలిపి పనిలో పెట్టి, అంకెలు నిలకడకు వచ్చేదాకా 20 నుంచి 30 నిమిషాలు ఆగాలి. ఫ్యాన్ల వేగాన్ని ఒకేచోట స్థిరంగా ఉంచాలి, లేకపోతే ఉష్ణోగ్రత తగ్గినట్టు కాక శబ్దం తగ్గినట్టు కనిపిస్తుంది.

ఆ తర్వాత ముందు పలకను తీసేసి అదే పరీక్ష మళ్లీ చేయాలి. ఒకటి రెండు డిగ్రీలు తగ్గితే ఇన్‌టేక్‌లకు గాలి బాగానే అందుతోందని అర్థం. ఐదారు డిగ్రీలు తగ్గితే అడ్డంకి పలకలోనే ఉంది, ఇంకో ఫ్యాన్ చేర్చినా ఆ అడ్డంకి తొలగదు. అప్పుడు ఫిల్టరు కడగడం, ఒత్తిడి ఎక్కువగల ఫ్యాన్లు వాడటం, జాలీ ముందు భాగం ఉన్న క్యాబినెట్‌కు మారడం అనే క్రమంలో వెళ్లాలి. ముందు పలక తీసినా మార్పు లేదు, పక్క పలక తీస్తే మాత్రం కార్డు ఉష్ణోగ్రత బాగా దిగుతోందంటే, గాలి లోపలికి వస్తోంది కానీ కార్డు కిందికి చేరడం లేదు. కింది ఇన్‌టేక్ ఎత్తును, దాని ముందు అడ్డుగా ఉన్న డ్రైవ్ పెట్టెలను, వైర్ల కట్టలను చూడాలి.